జ్రూ హాలిడేకి 'బి' చాలదు
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు బోస్టన్ సెల్టిక్స్ ఆటగాళ్లకి 2023-24 సీజన్‌కి మీరు వేసిన గ్రేడ్లలో జ్రూ హాలిడేకి 'బి' ఇవ్వడం మాత్రం ఒప్పుకోలేను. మ్యాచ్‌కి సగటు 12.5 పాయింట్లకి పడిపోయిందనేగా మీ లెక్క? ముందు ఏడాది మిల్వాకీ జట్టులో 19.3 కొట్టాడు, నిజమే. కానీ బోస్టన్‌లో టేటమ్, బ్రౌన్, పోర్జింగిస్, వైట్ లాంటి స్కోరర్లు ఉండగా అతని చేతికి బంతి రావడమే తక్కువ. వేసిన త్రీలలో (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) 42.9 శాతం పడ్డాయి. కార్నర్‌లో (కోర్టు మూలన) అతన్ని వదిలేసి డిఫెండర్ కదల్లేడు, టేటమ్‌కి రింగు దాకా దారి దొరికేది అందుకే. పైగా 6 అడుగుల 4 అంగుళాల గార్డ్ (బంతి నడిపే, జట్టులో పొట్టి ఆటగాడు) అయ్యుండి అవతలి జట్టు సెంటర్లని (అందరికంటే పొడవైన ఆటగాళ్లని) కాచాడు!

ఉత్త పాయింట్లు కాదు, ట్రూ షూటింగ్ (వేసిన షాట్లతో పోలిస్తే ఎన్ని పాయింట్లు వచ్చాయో చెప్పే శాతం) చూడండి. ఫ్రీత్రో (ఫౌల్‌కి దక్కే అడ్డులేని షాట్) ప్రయత్నాలని 0.44తో గుణించి మిగతా షాట్ల ప్రయత్నాలకి కలపాలి, ఆ మొత్తానికి రెట్టింపుతో పాయింట్లని భాగించాలి. 20 షాట్లు, 5 ఫ్రీత్రోలతో 25 పాయింట్లు వస్తే 56.3 శాతం.

ప్లేఆఫ్స్‌కి (మామూలు సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే పోటీలకి) గ్రేడ్ విడిగా వేయాల్సింది. టేటమ్ త్రీలు 37.6 శాతం నుంచి 28.3కి జారాయి. పోర్జింగిస్‌కి మొదటి రౌండ్‌లోనే పిక్క గాయమైంది, మొత్తం ఆడింది 7 మ్యాచ్‌లే. బ్రౌన్‌కి 'ఏ' సరిగ్గా సరిపోయింది.