ఆమెన్ తర్వాత ఎంటర్ నొక్కండి

ఆరాధన ముగిశాక, ప్రకటనల సమయంలో సంఘ పెద్ద లేచి చదువుతారు: "వచ్చే ఆదివారం నుంచి చర్చి హాల్లో పెద్దలకూ, చైనీస్ భాషా టీచర్లకూ ఉచితంగా కంప్యూటర్ క్లాసులు." టీచర్లు పెద్దల కిందికి రారా అని ఎవరూ అడగరు. ప్రకటనల సమయంలో నోరు తెరిచినవాణ్ణి కమిటీలో వేసేస్తారని అందరికీ తెలుసు.

చర్చికీ కంప్యూటర్‌కీ సంబంధమేమిటని పెదవి విరిచేవాళ్లు చరిత్ర చదువుకోవాలి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పెట్టిన సండే స్కూలు, వారమంతా పనిలో నలిగే పిల్లలకు చదవడం నేర్పింది. చైనీస్ సంగతైతే ఇంకా పాతది. 1580లలో జెస్యూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన పాద్రీలు మిషెల్ రుజ్జేరి, మత్తెయో రీచీ చైనీస్ మాటల ఉచ్చారణను రోమన్ లిపిలో రాసుకుంటూ పోర్చుగీసు-చైనీస్ నిఘంటువు కట్టారు. 1958లో చైనా ప్రభుత్వం చైనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్‌ను ఆమోదించేదాకా ఇలాంటి ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. ఇవాళ చైనీస్‌లో ఒక్క అక్షరం టైపు చెయ్యాలన్నా చాలామంది ముందు రోమన్ కీలు నొక్కాల్సి రావడంలో పాద్రీల చెయ్యి కొంత ఉందన్నమాట. నాలుగు వందల ఏళ్ల తర్వాతైనా బాధ్యత తీసుకుని క్లాసు పెట్టారు, సంతోషం.

కంప్యూటర్లు దానంగా వస్తాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఈ రెండూ లేని యంత్రాల యజమానులకు సరిగ్గా ఆ సమయంలోనే దాతృత్వం మేల్కొంటుంది. తిరిగే హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్, తెరమీద కాగితం అంటించిన గుర్తులు. డిస్కు తీసి దానికంటే వేగమైన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. కానీ కంప్యూటర్ ఇచ్చినవాళ్ల పేరు ఫలకం మీద ఎక్కుతుంది, ర్యామ్ ఇచ్చినవాళ్ల పేరు ఎక్కదు. అందుకని ర్యామ్ ఎవరూ ఇవ్వరు.

మొదటి క్లాసులో మొదటి అద్భుతం కరెంటు పోవడం. ఒక్కో కంప్యూటర్, మానిటర్ కలిపి 150 వాట్లు వేసుకోండి, పదింటికి 1500. అదే లైను మీద వెనక గదిలో టీ కోసం పెట్టిన కెటిల్ ఇంకో 2000. లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి, ఎంసీబీ, పడిపోతుంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, ఎవరో స్విచ్చి ఎత్తుతారు, కరెంటు వస్తుంది, నీళ్లు మరుగుతాయి, మళ్లీ పడిపోతుంది. కెటిల్‌ను వేరే సర్క్యూట్‌కు మార్చమని ఎలక్ట్రీషియన్ చెప్పి చాలా కాలమైంది. అది మరమ్మతుల కమిటీ చూడాల్సిన విషయమట, వాళ్లు ఈస్టర్ తర్వాత కూర్చుంటారట.

రెండో అద్భుతం అప్‌డేట్లు. వారం రోజులు ఆపి ఉంచిన పది కంప్యూటర్లూ ఆదివారం ఒకేసారి కళ్లు తెరిచి, ఒకే వైఫై మీద పడి డౌన్‌లోడ్ మొదలుపెడతాయి. ముందురోజు సాయంత్రమే ఆన్ చేసి, అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేసి ఉంచితే సరిపోయేది. హాలు తాళం ఉన్నాయన ఆదివారం తప్ప రారు.

ఇక సిలబస్. ఎవరినీ అడక్కుండా కమిటీ తయారు చేసింది: వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్. ఎక్సెల్‌లో పెద్ద పట్టికల సారాంశం తీసే పివట్ టేబుల్ కూడా ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన పెద్దావిడకు కావలసింది మనవడు పంపిన ఫొటో తెరవడం. డబుల్ క్లిక్ దగ్గరే బండి ఆగిపోతుంది. రెండో క్లిక్కు ఆలస్యమవుతుంది, లేదా నొక్కిన వేలు తీయకముందే చెయ్యి కాస్త కదులుతుంది, కంప్యూటర్ దాన్ని లాగడం అనుకుంటుంది, ఫొటో ఉన్న ఫోల్డరు పక్క ఫోల్డరులోకి పోయి మాయమవుతుంది. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం తగ్గించాలి, లేదా ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టమని చెప్పాలి. పోయిన ఫోల్డరు కంట్రోల్ జెడ్ కొడితే తిరిగొస్తుంది. మొదటి గంటంతా ఈ ఒక్కటి నేర్పినా చాలు. కానీ సిలబస్‌లో కంట్రోల్ జెడ్ లేదు, పివట్ టేబుల్ ఉంది.

ఈమెయిల్ పాస్‌వర్డ్ గురించి చెప్పేదేముంది! క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉంటుంది, తెరమీద చుక్కలే కనిపిస్తాయి. సరిగ్గా కొట్టినా ఓటీపీ కొడుకు ఫోనుకు వెళ్తుంది, కొడుకు నిద్రపోతుంటాడు. ఎలాగో లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రావడం మరిచిపోతారు. తర్వాత కూర్చున్నవాళ్లు వాళ్ల ఉత్తరాలన్నీ తీరిగ్గా చదువుకుంటారు. ప్రైవేట్ విండోలో తెరిపించి, లేచేటప్పుడు మూయిస్తే ఈ సహవాసం తప్పుతుంది.

చైనీస్ టీచర్లకూ అదే సిలబస్. వాళ్లకు కావలసింది వేరే. సెట్టింగుల్లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి సింప్లిఫైడ్ చైనీస్ కలపాలి. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే కీబోర్డు మారుతుంది. ఒక్కో అక్షరం కొడితే ఒకే ధ్వని ఉన్న అక్షరాలు బారులు తీరి నిలబడతాయి కాబట్టి పదం మొత్తం కొట్టి, అంకెతో ఎంచుకోవాలి. రెండు చుక్కల యూ కీబోర్డు మీద ఉండదు, దాని బదులు వీ నొక్కాలి. అభ్యాస పత్రానికి కైటి ఫాంటు వాడాలి, అది చేతిరాతకు దగ్గరగా ఉంటుంది. పీడీఎఫ్ చేసి పంపాలి, లేకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మరేదో ఫాంటు వచ్చి గీతల తీరే మారిపోతుంది. అక్షరాల మీద పిన్‌యిన్ వేయడానికి వర్డ్‌లో ఫొనెటిక్ గైడ్ ఉంది గానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒకే అక్షరం బ్యాంకు అనే మాటలో హాంగ్, నడవడం అనేచోట శింగ్. యంత్రం ఒకటి వేస్తుంది, పిల్లలు అదే బట్టీ పడతారు. ఆన్‌లైన్ పాఠానికి జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. ఆ సదుపాయం ప్రసంగాలకు ఇంకా రాలేదు.

టీచర్ల క్లాసు అయ్యాక అదే కంప్యూటర్ల ముందు పెద్దల క్లాసు. కీబోర్డు వెనక్కి మార్చడం ఎవరికీ గుర్తుండదు. పెద్దాయన వర్డ్ తెరిచి రెండు వేళ్లతో తన పేరు కొడతారు. కింద చిన్న పెట్టె తెరుచుకుని చైనీస్ అక్షరాలు ఒకటి నుంచి వరసగా నంబర్లు వేసుకుని నిలబడతాయి. ఆయన భయపడి స్పేస్ నొక్కుతారు, మొదటిది దిగిపోతుంది. వైరస్ అని ఒకరంటారు, అన్యభాషల వరమని ఇంకొకరంటారు. షిఫ్ట్ ఒక్కసారి నొక్కితే మామూలు అక్షరాలు వస్తాయి. ఆ మాట చెప్పాల్సిన వాలంటీరు ఆ నిమిషంలో ఎంసీబీ దగ్గర ఉంటాడు.

ఇంత జరిగినా క్లాసు మానేసినవాళ్లు తక్కువే. టీ బాగుంటుంది మరి. చివరి ఆదివారం సర్టిఫికెట్లు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది, సిలబస్ ప్రకారం పివట్ టేబుల్ వచ్చినట్టు అందులో రాయాలట. చర్చి ఇంక్‌జెట్ ప్రింటరును క్రిస్మస్ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నాజిళ్లు ఎండిపోయాయి. నల్ల సిరా నిండుగా ఉన్నా, పసుపు కార్ట్రిడ్జి ఖాళీ అని మొరాయిస్తోంది. అందుకని కంప్యూటర్ సర్టిఫికెట్లన్నీ చేత్తో రాయించాలని నిర్ణయం. ఆ పని చైనీస్ టీచర్లకు అప్పగించారు, బ్రష్షులు వాళ్లే తెచ్చుకుంటారని.