పదవులు సరే, ఆ పని గురించి రాయరేం

శరీరధర్మ శాస్త్రవేత్త ఔతార్ సింగ్ పైంటల్ మీద మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ సగం దాకా పదవులే. వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్, దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్, 1981లో బ్రిటన్ సైన్స్ అకాడమీ రాయల్ సొసైటీకి ఫెలో, సరే. ఆయన చేసిన పని మాత్రం రెండు లైన్లలో ముగించారు, నాకు నచ్చలేదు.

మాది మిర్యాలగూడ. మా బాపు రైస్ మిల్లులో హమాలీ. రెండేళ్ల కింద మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయేవాడు, పైపైన గబగబా ఊపిరి తీసేవాడు, కుక్క వగర్చినట్టు. మేమంతా ఊక దుమ్మే అనుకున్నాం, ఒక డాక్టర్ ఆరు నెలలు ఆస్తమా మందులే వాడించాడు. చివరికి తేలింది గుండె బలహీనమని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని.

ఆ గబగబా ఊపిరికి పైంటల్ చెప్పిన కారణమే జె రిసెప్టర్లు, అంటే మార్పును పసిగట్టే నాడి కొసలు. ఊపిరితిత్తుల్లో సన్నటి రక్తనాళాల పక్కనే ఉంటాయి, అక్కడ నీరు ఊరితే వేగస్ నాడి గుండా మెదడుకు కబురు పంపుతాయి. పిల్లుల వేగస్ నాడి నుంచి ఒక్కో పోగు విడదీసి 1955లో ఆయన వీటిని పట్టుకున్నాడు. మొదట ఊపిరితిత్తులు ముడుచుకుంటే స్పందించేవి అనుకున్నాడట, అసలు సంగతి నీరు అని తర్వాత తానే దిద్దుకున్నాడు. నాకైతే ఫెలోషిప్ కన్నా ఆ దిద్దుకోవడమే పెద్దది.

బాపు ఇప్పుడు నీరు తీసే మాత్రలతో మేడ మీదికి ఆగకుండా ఎక్కుతున్నాడు. ఉప్పు తగ్గించమంటే మాత్రం ఇంట్లో రోజూ లొల్లే.