రెండు టెట్రిస్‌ల స్కోర్లను ఒకే గాటన కట్టొద్దు

పైనుంచి పడే ముక్కలను పేర్చి వరుసలు నింపి చెరిపేసే ఆట టెట్రిస్. 1989లో తన గేమ్ కన్సోల్ ఎన్‌ఈఎస్ కోసం నింటెండో తెచ్చిన టెట్రిస్‌ను అమెరికాలో ఆడినా, యూరప్‌లో ఆడినా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అవే ఏడు రకాల ముక్కలు, అదే పాయింట్ల లెక్క. అందుకే రెండు చోట్ల స్కోర్లూ పక్కపక్కన పెట్టి ఎవరు మొనగాడో తేల్చేస్తుంటారు. యూరప్ ఆటగాళ్లకు ఇది పచ్చి అన్యాయం.

తేడా టీవీ దగ్గర మొదలైంది. అప్పట్లో అమెరికా టీవీలది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, సెకనుకు దాదాపు 60 ఫ్రేములు (బొమ్మలు); యూరప్ టీవీలది పాల్ పద్ధతి, 50. (మన దూరదర్శన్ పాత ప్రసారాలదీ పాల్ పద్ధతే.) ఆట వేగమంతా ఫ్రేముల లెక్క మీదే నడుస్తుంది కాబట్టి యూరప్ కార్ట్రిడ్జ్‌లో అంకెలు మార్చారు.

60ని 50తో భాగిస్తే 1.2, దాంతో స్కోరు సరిచేస్తే పోలా అనేవాళ్లున్నారు. కుదరదు. అరఫ్రేము అనేది ఉండదు. 18వ లెవల్లో ముక్క ఒక గడి దిగడానికి అమెరికా వెర్షన్‌లో 3 ఫ్రేములు పడుతుంది. పాల్‌లో 2.5 పెట్టలేక 2 పెట్టారు. అంటే సెకనుకు 20 గళ్లు దిగాల్సింది 25 దిగుతుంది. 19కి వస్తే అమెరికాలో 30, పాల్‌లో ఏకంగా 50! గడికి ఒక్క ఫ్రేము అనే ఆ టెన్షన్ అమెరికా ఆటగాడికి 29వ లెవల్ దాకా ఎదురవదు.

18లో మొదలుపెడితే 130 వరుసలకు 19 వస్తుంది. అప్పటిదాకా ప్రతిసారీ అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చే నాలుగు వరుసలు ఒకేసారి కొట్టినా వచ్చేది ఏడున్నర లక్షల చిల్లరే. ఆట చూపించే గరిష్ఠ స్కోరు 9,99,999 అందుకోవాలంటే పాల్ ఆటగాడు గడికి ఒక్క ఫ్రేము వేగంలోనే మిగతాది సంపాదించాలి. అమెరికా ఆటగాడికి 29 వచ్చేలోపు ఇంకో వంద వరుసలున్నాయి.

పాల్‌కు ఒక వెసులుబాటూ ఉంది, దాన్ని దాచకూడదు. బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క అమెరికాలో 6 ఫ్రేములకోసారి జరుగుతుంది, పాల్‌లో 4కే. గడికి ఒక్క ఫ్రేము వేగంలో ఖాళీ బోర్డు మీద పైనుంచి కిందికి 20 ఫ్రేములే. ఆలోపు అమెరికా ముక్క పక్కకు మూడు నాలుగు గళ్లు జరిగితే ఎక్కువ, పాల్ ముక్క ఐదు దాకా వెళ్తుంది. బటన్ నొక్కి పట్టుకోకుండా వేళ్లతో వరసపెట్టి కొట్టే కొత్త పద్ధతి వచ్చాక ఈ వెసులుబాటు విలువ కూడా తగ్గింది. 2023 డిసెంబరులో 13 ఏళ్ల అమెరికా కుర్రాడు విల్లిస్ గిబ్సన్ 157వ లెవల్లో గేమ్ క్రాష్ అయ్యేదాకా ఆడింది ఆ పద్ధతిలోనే.

అందుకని మధ్యలో ఏ గుణకమూ పెట్టకుండా రెండు జాబితాలూ వేరుగా ఉంచాలి. స్కోరు పక్కన వెర్షన్, మొదలుపెట్టిన లెవల్, బటన్ నొక్కిన పద్ధతి రాయాలి. 18లో మొదలెట్టి ఎనిమిది లక్షలు చేశారంటే, అమెరికా వెర్షన్‌లో 29ని చూడకుండానే చేసి ఉండొచ్చు. పాల్‌లో అయితే గడికి ఒక్క ఫ్రేము వేగంలో నిలబడి ఆడితేనే అది వస్తుంది.