దుంగ కొలిచేటోడిదే అడవి

‘అడవిని కంపెనీకిస్తె రోడ్లొస్తయ్, ఉద్యోగాలొస్తయ్’ అనేటోళ్లు ఒకదిక్కు. ‘చెట్టు ముట్టొద్దు, ఆకు తెంపొద్దు’ అనేటోళ్లు ఇంకోదిక్కు. నల్లమల పేరెత్తితె మా అచ్చంపేట దిక్కు ఈ రెండు మాటలే. రెండూ తప్పే అంట నేను. అడవిల పని ఎట్లనన్న జరుగుతది. ఆ పని ఎవరు జేస్తరు, ఎవరు కొలుస్తరు అన్నకాడనే అసలు లొల్లి.

ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూగినీ దేశం సంగతి జూడుండ్రి. అక్కడ దాదాపు 97 శాతం భూమి తెగలదే, చట్టప్రకారమే. అంత హక్కు మన చెంచులకు కలల గూడ లేదు. అయినా వర్షారణ్యాల దుంగలను ఎక్కువగ బయటికి పంపే దేశాలల్ల అదొకటి, అండ్ల ఎక్కువ భాగం చైనాకే. పట్టా చేతుల ఉండి గూడ అడవి ఎట్ల పోయింది?

కంపెనీ ముందు బుల్డోజర్ను దింపుతది. రోడ్డు, దుంగలు గుట్టేసే జాగ, దుంగను గుంజుకొచ్చే దారులు. వర్షారణ్యంల తీగలు చెట్టుకూ చెట్టుకూ ముడేసుకొని ఉంటయ్. నరికే కొన్ని నెలల ముందే ఆ తీగలు కొయ్యాలె. కొయ్యకపోతె పడే చెట్టు పక్క చెట్లను గూడ గుంజుకొని పడుతది. తొందరల కొయ్యరు. బుల్డోజర్ తొక్కిన నేల గట్టిపడి నీళ్లు ఇంకవు, మట్టంత వాగులకు పోతది. ఊరికి దక్కేది ఎక్కువగ ఘనపు మీటరుకు ఇంతని రాయల్టీనే. మీటర్లు రాసేది గూడ కంపెనీ మనిషే.

అడ్డకొలత 50 సెంటీమీటర్లు, పొడవు 5 మీటర్లున్న దుంగల దాదాపు ఒక ఘనపు మీటరు కలప ఉంటది. టేపు కొంచెం గుంజి 50 బదులు 46 రాస్తె? నాలుగు సెంటీమీటర్లే అనిపిస్తది గని, అడ్డకొలతను దాంతోనే హెచ్చేస్తం గదా, 15 శాతం కలప కాయితం మీదనే మాయం. అంతదూరం ఎందుకు, మన కలప డిపోల పట్టా భూమి టేకును ఎట్ల కొలుస్తరో జూడుండ్రి. చుట్టుకొలతల నాలుగో వంతు తీసి, దాన్ని దాంతోనే హెచ్చేసి, మళ్ల పొడవుతోని హెచ్చేస్తరు. ఈ లెక్కల 100 ఉన్న కలప 78 మీదనే ఆగుతది. కోతల తరుగు పోతది గదా అంటరు. ఆ తరుగు మనకు చెప్పి తీస్తున్నరా?

పాపువా న్యూగినీలనే ఇంకో దారి గూడ ఉంది. చిన్న కోత మిషన్ను భాగాలు భాగాలుగ ఇప్పి భుజాల మీద మోసుకపోయి, చెట్టు పడ్డకాడనే బిగించి పలకలు కోస్తరు. బుల్డోజర్ రోడ్డుతోని పనిలేదు. సగం దాకనే పలకగ వస్తది, మిగిలిన చెక్కముక్కలు, పొట్టు అడవిలనే మురిగి ఎరువైతయ్. నరికే పద్ధతి గూడ వేరే. పడాల్సిన దిక్కు అడ్డకొలతల నాలుగో వంతు దాక గంటు పెట్టి, వెనక నుంచి దానికంటె కొంచెం పైన కోసుకుంట వచ్చి, నడుమ పదో వంతు కొయ్యకుండ ఇడుస్తరు. ఆ ఇడిచిందే తలుపు బందు లెక్క చెట్టును వంచుతది. అది గూడ కోసేస్తె చెట్టు ఎటు పడేది దేవునికే ఎరుక.

ఇది గూడ సక్కగ నడిచిందని చెప్త లేను. స్పేర్ పార్టులు దొరకక, నేర్పేటోళ్లు లేక మస్తు మిషన్లు తుప్పు పట్టినయ్. బ్లేడు పదును పోతె పలక ఒకదిక్కు మందం, ఇంకోదిక్కు పల్చన. అసొంటిది ఎవరు కొంటరు? అమ్మిన పైసలల్ల రిపేరుకు పక్కకు పెట్టనికాడ రెండో ఏడుకే మూత. ఆ చెట్టు ఏ వంశానిదన్న పంచాయితీ వేరే.

మన నల్లమల వర్షారణ్యం గాదు, ఆకు రాల్చే అడవి. పైగా అమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఇక్కడ కలప కోత మాటే వద్దు, అటవీ హక్కుల చట్టం గూడ కలప ఇయ్యలేదు. బొంగు మాత్రం చిన్నతరహా అటవీ ఫలసాయమని అదే 2006 చట్టంల రాసే ఉంది. బొంగు కొట్టుడు గూడ లెక్కతోని జేసే పనే. వానకాలం కొమ్ములు లేస్తయ్, అప్పుడు కత్తి పట్టొద్దు. ఈ ఏటి బొంగు, నిరుటి బొంగు ముట్టొద్దు; ముదురువే, అదీ పొద లోపల నుంచి కొట్టాలె. నేలకు జానెడు ఎత్తుల, కణుపు మీదికెల్లి కొయ్యాలె. కింద గుంత మిగిలితె నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతది. కాంట్రాక్టు కూలికి లోపలికి దూరే ఓపిక ఎక్కడిది, కట్టకు ఇంతని గదా కూలి. అంచుకున్న లేతవే కొడ్తడు, నడుమ పొద ఇరికిపోయి సస్తది.

కర్ణాటకల ఉత్తర కన్నడ జిల్లాల పేపరు మిల్లుకు కొట్టుడు సులువైతదని పొద మొదట్ల ముళ్లకంప సాఫ్ చేయించిన్రు. ‘కంప తీస్తె లేత కొమ్ములను పశువులు మేస్తయ్’ అని ఊరోళ్లు మొత్తుకున్నరు. శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ తోటోళ్లతోని కలిసి పరిశీలిస్తె ఊరోళ్ల మాటే నిజమైంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల మెండా లేఖ అనే ఊరు 2009ల దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు తెచ్చుకొని, 2011 నుంచి తన బొంగుకు తనే రవాణా పాసు రాసుకుంటున్నది.

మన దగ్గరేమో 2019ల నల్లమలల యురేనియం తవ్వకం వద్దని ప్రొఫైల్ ఫొటోలు మార్చినం, మళ్ల మర్చిపోయినం. పోడు భూమికి ఫారం-ఎ అంటె అందరూ ఉరుకుతరు. అడవిని కాపాడి నడుపుకునే హక్కుకు ఫారం-సి ఉంటదని చెంచుల గూడేలల్ల, అంటె పెంటలల్ల, ఎందరికి చెప్పిన్రు? ‘టైగర్ రిజర్వు గదా, రాదు’ అనేటోళ్లు చట్టం తెరిచి సదువుండ్రి, అభయారణ్యాలు గూడ అండ్లనే ఉన్నయ్. గ్రామసభల సగం మంది ఉండాలె, ఆ వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లుండాలె, రెండు సాక్ష్యాలు పెట్టాలె. వాగు, గుట్ట, దేవుని చెట్టు పేర్లతోని హద్దు రాయాలె. 2012 సవరణ తర్వాత రవాణా పాసు రాసే పుస్తకం గూడ గ్రామసభ కమిటీ చేతులనే ఉండాలె. మీ పెంటల ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడుగుండ్రి.