స్టేట్ హైవే నంబర్ వన్ గారికి

మహారాజశ్రీ రాజీవ్ రహదారి గారి సముఖానికి, తమరి పక్కనే కాపురముండే ఒక రైతు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, రోడ్డు దాటనంత వరకు.

తమరిది రాష్ట్రంలో ఒకటో నంబరు. పేరేమో మాజీ ప్రధానిది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర బిర్యానీ వాసనతో బయలుదేరి శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా గోదావరిఖని బొగ్గు వాసన దాకా పోతారు. సిద్దిపేట రైలు మొహం చూసిందే 2023 అక్టోబర్‌లో. అప్పటిదాకా సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సెక్కినోడికి మీరే దిక్కు. ఆ ధీమా తమరి నడకలో తెలుస్తూనే ఉంటుంది.

నాలుగు లేన్లు వేస్తున్నారంటే మలుపులు పోతాయనుకున్నాం. సర్కారూ ప్రైవేటూ చేయి కలిపి వెడల్పు చేశాయి. మలుపులు మాత్రం పాత రోడ్డు ఎటు వంకర పోయిందో అటే పోయాయి, కాకపోతే దర్జాగా. ఇదివరకు మలుపులో ఎదురొచ్చే లారీ ఒక్కటే కనిపించకపోయేది. ఇప్పుడు పక్కపక్కన రెండు లారీలు కనిపించవు. తమరు తిన్నగా, నున్నగా, లైట్ల వెలుగులో నిలబడేది దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్‌లలో. (ఇది తిరుపతి దగ్గరి రేణిగుంట కాదు, తిమ్మాపూర్ మండలంలోది.) మూడూ టోల్ గేట్లే. గేట్లకు జాగా చూసిన కళ్లతోనే ఎవరైనా మలుపులు కూడా చూసుంటే ఎంత బాగుండు!

మేమూ తక్కువోళ్లం కాదు లెండి. యాసంగి వడ్లకు, మక్కలకు తమరిని మించిన కల్లం లేదు. అటొక లేను వడ్లకు, ఇటొక లేను ఆగిన లారీలకు పోగా మిగిలేవి వెనకటి రెండే. వాటి మీదే రామగుండం కరెంటు ప్లాంటు బూడిద లారీలు పట్టా కప్పీ కప్పకుండా వస్తాయి. సంక్రాంతి దాటాక మల్లన్న జాతరలో మొదటి ఆదివారం, అదే పట్నం వారం నాడు, హైదరాబాద్ జనమంతా కొమురవెల్లి కమాన్ దగ్గర మలుగుతరు. అక్కడ మల్లన్న బండారి (పసుపు) పూస్తాడు. అంతదూరం పోలేనోళ్లకు తమరే బూడిద పూసి పంపుతారు.

పట్నం కొసన మాత్రం తమరి ఆటలు సాగలేదు. అక్కడున్నవి మిలిటరీ భూములు. మా భూములకు నోటీసు సరిపోయింది గానీ, రక్షణ శాఖ భూమికి ఏండ్లకేండ్లు దరఖాస్తులు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2024 మార్చిలో అనుమతి వచ్చి, అల్వాల్‌లో శంకుస్థాపన అయింది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా దాదాపు 18 కిలోమీటర్ల కారిడార్, అందులో ఎక్కువ భాగం ఎలివేటెడ్, స్తంభాల మీద. అంటే తమరిక అక్కడ చాలా దూరం నేల మీద నడవరన్నమాట! సంతోషం.

మాకు ఆకాశం వద్దు. ఇల్లు ఇటుంది, పొలం అటుంది. వాకిట్లో నిలబడితే మోటారు నడుస్తుందో లేదో కనిపిస్తది. బండి మీద పోవాలంటే మాత్రం యూటర్న్ కోసం ఊరు దాటి పోయి, మళ్లీ ఊరు దాటి రావాలి. అందుకని ఈ ఉత్తరం తెచ్చే పిల్లగాడు రాంగ్ రూట్‌లోనే వస్తాడు. హెల్మెట్ పెట్టుకునే వస్తాడు, చలానా రాయించకండి.

ఇట్లు,
తమరి అవతలి పక్కకు పోవాల్సినవాడు