సొరకాయ తరఫున ఒక మనవి

గుమ్మడికాయకు దొంగతనాన్ని, బీరకాయ పీచుకు దూరపు చుట్టరికాలను అంటగట్టిన మన జాతి సొరకాయకు చేసిన అన్యాయం మాత్రం మరీ ఘోరమైనది. అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉండగా పెరట్లో ఏనుగులున్నాయని ఎవరైనా చెప్పుకుంటే, ఆ మాటలకు మనం పెట్టిన పేరు సొరకాయ కోతలు. నిజానికి కూరగాయల్లో గొప్పలు చెప్పుకోవడానికి అతి తక్కువ సరుకున్నది సొరకాయకే. వంద గ్రాముల ముక్కల్లో దాదాపు 95 గ్రాములు నీరే. అందులోని శక్తి 15 కేలరీల దరిదాపుల్లోనే ఉంటుంది గనుక అది చెంచాడు పంచదారతో కూడా తూగదు. కొద్దిగా పీచు, ఇంకాస్త కొద్దిగా సి విటమిన్ ఉంటాయి. ఇంత నిరాడంబరమైన కాయ తన గురించి తాను ఏనాడూ ఏమీ చెప్పుకోలేదు.

చెప్పేవారు వేరే ఉన్నారు. తెల్లవారుజామున పార్కు గేటు దగ్గర సొరకాయ రసం గ్లాసు పట్టుకుని నిలబడే పెద్దమనుషుల మాటలు వింటే, ఆ రసం పొట్టను కరిగిస్తుంది, చక్కెరను దించుతుంది, గుండె గొట్టాలను కడుగుతుంది, రాలిన జుట్టును వెనక్కి రప్పిస్తుంది. ఇంతటి ప్రతాపం గల కాయను పప్పులో వేసి ఉడికించి వృథా చేసిన మన పూర్వీకుల అజ్ఞానానికి మనం సిగ్గుపడాలేమో. అయితే ఒక్క విషయంలో ఆ కాయ నిజంగానే నోరు విప్పుతుంది. కొన్ని కాయల్లో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు పెరిగి, రసం కటిక చేదుగా మారుతుంది. ఆ చేదు రసం తాగినవారు రక్తపు వాంతులతో, పడిపోయిన రక్తపోటుతో ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు ముందుగా చిన్న ముక్క కొరికి చూడమని, చేదు తగిలితే పారేయమని చెప్పారు. మనవారికి మాత్రం చేదుగా ఉన్నదల్లా మందే కాబట్టి, కాయ చేసిన ఆ ఒక్క హెచ్చరికనూ ముక్కు మూసుకుని మింగేస్తారు.

వంటింట్లో ఈ కాయ సంగతి వేరు. కోస్తాలో దీనిని ఆనపకాయ అని పిలిచి, పాలు పోసి కమ్మగా వండుతారు; ఎండు రొయ్యలు వేస్తే అదే కాయ పూర్తిగా మరో కులంలో చేరిపోతుంది. పులుసులో వేస్తే చింతపండును, దప్పళంలో వేస్తే బెల్లాన్ని తనలోకి పీల్చుకుని, సొంత రుచి లేకపోవడమే తన ప్రతిభ అని నిరూపించుకుంటుంది. లేత కాయ తొక్కును నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, పచ్చిమిరపకాయలు, చింతపండు చేర్చి రోట్లో నూరిన పచ్చడి ముందు కూర కూడా వెలవెలబోతుంది. ఇక హల్వా మాటకొస్తే, చక్కెర, నెయ్యి, పాలు కాయను చుట్టుముట్టి ఊపిరాడనివ్వకపోయినా, తినేవారు కూరగాయే తింటున్నామన్న నిశ్చింతతో రెండోసారి వడ్డించుకుంటారు.

మా చిన్నాయన కూడా ఇటీవల రసం మార్గం పట్టారు. బజారులో గోరు గుచ్చి లేతదనం పరీక్షించబోతే, "గోరు దించకు సారూ, తర్వాత ఎవరు కొంటరు?" అని కూరగాయలామె కసిరిందట. అయినా మంచి కాయనే తెచ్చి, తురిమి, గుడ్డలో పిండి, రసం తాగి, పిప్పిని పారేయబోయారు. మా అమ్మ ఆ పిప్పిని ఆయన చేతిలోంచి లాక్కుని, బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, గంజు అడుగున పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టింది. అంచులు ఎర్రబడి కరకరలాడే సర్వపిండి గిన్నెను వదిలి పైకి లేచేసరికి, చిన్నాయన పీట వేసుకుని సిద్ధంగా ఉన్నారు. నాలుగు తిన్నారు. ఐదోదానికి చేయి చాపుతూ, ఈ వయసులో ఇంత ఆకలి పుట్టడం కేవలం పొద్దున తాగిన రసం మహిమేనని మా అందరికీ వివరించారు.