ఇదివరకు ఎవరూ చేయలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది

మన దేశంలో ప్రయోగశాల జంతువుల మీద పరిశోధన చేయదలచినవారు ఫారం-బి అనే దరఖాస్తు నింపి సంస్థలోని ఎథిక్స్ కమిటీకి సమర్పించాలి. చిన్న జంతువులైతే ఆ కమిటీయే అనుమతిస్తుంది, పెద్ద జంతువులైతే కాగితాలు ఢిల్లీ దాకా వెళ్తాయి. ఆ ఫారం చివర పరిశోధకుడు చేయవలసిన ప్రమాణాలు కొన్ని ఉంటాయి. ఈ ప్రతిపాదన ఇదివరకే ప్రకటితమైన పరిశోధనను అనవసరంగా మళ్లీ చేయడం కాదని తాను నిర్ధారించుకున్నానన్నది వాటిలో ఒకటి. చిన్న వాక్యమే. కానీ మన తిరుపతి చుట్టుపక్కల ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల రుతువు వచ్చినప్పుడు ఈ వాక్యం కింద సంతకాలు పడే వేగాన్ని చూసినవారెవరైనా, మన పరిశోధకులకు సర్వజ్ఞత్వం సిద్ధించిందనే అనుకుంటారు.

ఒక కళాశాలవారి ఎథిక్స్ కమిటీలో నేను బయటి సభ్యుణ్ణి. నిబంధనల ప్రకారం నా హోదా 'సామాజిక స్పృహ గల, శాస్త్రజ్ఞుడు కాని సభ్యుడు'. ఇందులో రెండో సగం నిర్వివాదం. మొదటి సగం సంగతి కళాశాలవారే తేల్చాలి. నా ముందుకు వచ్చే దరఖాస్తులలో మొక్క పేరు తప్ప మరేదీ మారదు కాబట్టి, శాస్త్రజ్ఞుణ్ణి కాకపోయినా వాటిని ఇప్పుడు కళ్లు మూసుకుని అప్పజెప్పగలను. ఎలుకలు ఐదు గుంపులు, గుంపుకు ఆరు, మొత్తం 30. మొదటి గుంపు ఆరోగ్యంగా ఉంటుంది. తక్కిన నాలుగింటికీ స్ట్రెప్టోజోటోసిన్ ఎక్కించి మధుమేహం తెప్పిస్తారు. వాటిలో ఒకదాన్ని అలాగే వదిలేస్తారు, ఒకదానికి మధుమేహం మందైన గ్లైబెన్‌క్లమైడ్ పోస్తారు, మిగిలిన రెండింటికీ మన శేషాచలం అడవుల్లోని ఏదో ఒక చెట్టు సారాన్ని కిలోకు 200, 400 మిల్లీగ్రాముల చొప్పున పోస్తారు. చక్కెర తగ్గుతుంది. తగ్గకపోయిన థీసిస్‌ను ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ బైండింగ్ చేయించినట్టు లేదు.

ఇక 'నిర్ధారించుకున్నాను' అన్న క్రియ ఎలా నిర్వహించబడుతుందో విన్నవిస్తాను. కొండ మీద స్వామి ముందు మనకు దొరికే క్షణం ఎంతో తెలుగువారందరికీ తెలుసు. కళ్లు ఆర్పేలోగా 'జరగండి జరగండి' అని పక్కకు నెట్టేస్తారు. మన పరిశోధకుడు పూర్వ పరిశోధనలను దర్శించుకునేది అంతసేపే. ఒక తేడా మాత్రం ఉంది, భక్తుడు ఆ క్షణం కోసం కంపార్ట్‌మెంటులో రాత్రంతా కూర్చుంటాడు.

ఆ మధ్య జరిగిన సమావేశం గురించి చెప్పకుండా ఉండలేను. దరఖాస్తు ఎర్రచందనం బెరడు మీద. ఇటువంటి ప్రయోగం మరే సంస్థలోనైనా జరిగిందా, జరిగితే ఫలితాలేమిటి అన్న ప్రశ్నకు ఎదురుగా 'మాకు తెలిసినంతవరకు లేదు' అని చక్కగా టైపు చేసి ఉంది. పేజీ తిప్పితే 'కావున నేరేడు గింజల సారాన్ని ఎంచుకోవడమైనది' అని కనిపించింది. నిరుటి ప్రతిలో పేరు మార్చేటప్పుడు కంప్యూటరు కన్ను తప్పించుకున్న గింజలవి. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే రిఫరెన్సుల పట్టిక వచ్చింది. ఎక్కడా ఎవరూ చేయలేదని ప్రమాణం చేసిన ఆ పనినే చేసినవారి వ్యాసాలు, పేర్లతో, సంవత్సరాలతో, పేజీ సంఖ్యలతో సహా ఆ పట్టికలో వరుసగా కొలువుదీరి ఉన్నాయి.

"ఎక్కడ వెతికావమ్మా?" అని ఆ విద్యార్థినిని అడిగాను.

"గూగుల్‌లో సార్."

"ఏమని కొట్టి వెతికావు?"

ఆ అమ్మాయి గైడు వైపు చూసింది. గైడుగారు గొంతు సవరించుకుని, "లిటరేచర్ మొత్తం క్షుణ్ణంగా చూశాం సార్, ఇది పూర్తిగా నావెల్ వర్క్" అన్నారు. అధ్యక్షులవారు తల ఊపారు. పశువైద్యులు బిస్కట్ల పళ్లెం నా వైపు జరిపారు, అది నోటికి పని చెప్పి ఊరుకోమన్న సూచన అని నా అనుమానం. నేను బిస్కట్ తీసుకుని, రెండో చేత్తో ఫోనులో వైద్య వ్యాసాలు వెతికే డేటాబేసు పబ్‌మెడ్ తెరిచి, ఎర్రచందనం శాస్త్రీయ నామమూ మధుమేహమూ కలిపి కొట్టాను. తెర నిండా వచ్చాయి. వాటిలో ఒకటి ఎక్కడో విదేశంలో చేసినది కూడా కాదు, మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎర్రచందనం బెరడు సారాలు ప్రయోగ జంతువుల రక్తంలోని చక్కెర మీద ఎలా పనిచేస్తాయో పరీక్షించి 2001లోనే జర్నల్ ఆఫ్ ఎథ్నోఫార్మకాలజీలో ప్రకటించినది. మేము కూర్చున్న గదికి ఆటోలో వెళ్లగలిగేంత దూరంలో జరిగిన పని.

ఫోను గైడుగారికి చూపించాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "అందులో పనిచేసింది ఇథనాల్ సారం సార్. మనది మిథనాల్."

ఆ మాటలోని దూరదృష్టికి నేను అక్కడికక్కడే నమస్కరించాను. చెట్టుకు వేరు, బెరడు, ఆకు, పువ్వు, కాయ, గింజ ఉంటాయి. ద్రావకాలు నీరు, ఇథనాల్, మిథనాల్, అసిటోన్, క్లోరోఫాం, ఇథైల్ అసిటేట్ అని బోలెడున్నాయి. వీటిని గుణించి, వచ్చిన దాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటితమైన మన శేషాచలంలోని వృక్షజాతులతో మరోసారి గుణిస్తే, సూర్యుడు చల్లారేదాకా ఏ రెండు థీసిస్‌లూ ఒకటి కావు. పునరావృతం అన్న దోషాన్ని ఇంత తేలికగా పరిహరించిన దేశం మరొకటి ఉండదు.

అయితే ఆ గదిలో అసలైన డేటాబేస్ ఒకటి ఉంది. టీ గ్లాసులు తీయడానికి వచ్చిన ఆనిమల్ హౌస్ అటెండరు, దరఖాస్తు పేరు చెవిన పడగానే, "ఇదే చెక్క కదా సార్, పోయినేడాది గూడా పోస్తిమి" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అతడు ఇంకొంచెం సాయం చేయదలచి, "అప్పుడు ఇంగో మేడమ్ చేసిరి. శానా చచ్చిపాయ" అని కూడా చెప్పి గ్లాసులు తీసుకెళ్లాడు. ఆ మేడమ్‌గారి థీసిస్ అదే భవనంలో, హెచ్.ఓ.డి. గది అల్మారాలో, నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో, తాళం వేసి ఉంది. శోధ్‌గంగలో అది కనిపించదు, ఆ ఆన్‌లైన్ భాండాగారానికి చేరేది ప్రధానంగా పీహెచ్‌డీ వాళ్ల సిద్ధాంత గ్రంథాలు. పబ్‌మెడ్‌లో ఉండే ప్రశ్నే లేదు. అటెండరు జ్ఞాపకానికి ఇండెక్సు ఉంది, మన అల్మారాకు లేదు. అతడు రిటైరయ్యాక ఈ సంస్థ పరిశోధనా చరిత్ర మొత్తం అతడితో పాటే ఊరికి వెళ్లిపోతుంది.

ప్రపంచం మాత్రం ఈ వెతుకులాటను ఎందుకోగానీ చాలా పెద్ద విషయంగా తీసుకుంది. వైద్య వ్యాసాలకు సూచికగా ఇండెక్స్ మెడికస్ 1879లోనే మొదలైంది. దాని వారసత్వంగా వచ్చిన పబ్‌మెడ్‌ను 1997 నుంచి ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. ఒకే విషయాన్ని పదిమంది పది పేర్లతో రాస్తే వాటన్నిటినీ ఒకే శీర్షిక కింద చేర్చడానికి అక్కడ ప్రత్యేకంగా పదాల పట్టిక ఉంది, జంతు ప్రయోగాలకు ప్రత్యామ్నాయాలన్నది అందులో ఒక శీర్షిక. చిట్టెలుక జన్యువుల సమాచారమంతా అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ వారు ఒకచోట పోగుచేసి పెట్టారు. ఎలుకలకు, జీబ్రా చేపలకు వేర్వేరు డేటాబేసులున్నాయి. ప్రయోగ జంతువుల సంక్షేమం గురించి సమాచారం వెతికిపెట్టడమే పనిగా అమెరికా వ్యవసాయ గ్రంథాలయంలో 1986 నుంచి ఒక కేంద్రం నడుస్తోంది. జంతువుకు నొప్పి కలిగే ప్రయోగం తలపెడితే, ప్రత్యామ్నాయాల కోసం ఏ డేటాబేసుల్లో, ఏ తేదీన, ఏ సంవత్సరాల సాహిత్యాన్ని, ఏ పదాలతో వెతికావో కాగితం మీద పెట్టమని అక్కడ అడుగుతారు. పాపం, వారికి 'క్షుణ్ణంగా చూశాం' అన్న మాట చాలదు.

మనకూ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఏసీ ఉంది, కంప్యూటర్లున్నాయి, వాటికి దుమ్ము పడకుండా గుడ్డ తొడుగులున్నాయి. కళాశాలలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చే వారంలో తొడుగులు తీస్తారు, బృందం రైలెక్కాక మళ్లీ తొడుగుతారు. లైబ్రేరియన్‌గారు గ్రంథాలయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మనిషి, ఏ పదానికి ఏ పదాన్ని జోడించి వెతికితే ఏది దొరుకుతుందో నిజంగా తెలిసిన మనిషి. కమిటీలో ఎనిమిది కుర్చీలున్నాయి, ఆయనకు ఒక్కటీ లేదు. ఆయన నో డ్యూస్ సర్టిఫికెట్ల మీద ముద్ర వేస్తుంటారు.

ఇంతవరకు నవ్వుతూనే చెప్పాను. ఇక ఎలుక దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే ఆ సంతకం ఖర్చు భరించేది అదే. స్ట్రెప్టోజోటోసిన్‌ను సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి పొట్టలోకి సూది వేస్తారు. అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపుతుంది. చచ్చే కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడటంతో ఆ రాత్రి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, తాగడానికి గ్లూకోజు నీళ్లు పెట్టడం మరిచిపోతే తెల్లారేసరికి కొన్ని బిగుసుకుపోయి ఉంటాయి. మూడు రోజులకు చక్కెర ఆకాశానికి ఎక్కుతుంది. ఆ తర్వాత తాగిన నీరు తాగినట్టే పోతుంది, పొద్దున మార్చిన వరిపొట్టు సాయంత్రానికి ముద్దై వాసన కొడుతుంది. తింటూనే చిక్కిపోతుంది. రోజూ బొడిపె ఉన్న సూది గొంతులోంచి దించి సారం పోస్తారు, చేయి తిరగని విద్యార్థి చేతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే అంతటితో సరి. తోక నుంచి చుక్క తీసి స్ట్రిప్ మీద పెడతారు. నెలాఖరుకు బతికినవాటిని చంపి క్లోమం కోసి చూస్తారు. మధ్యలో చచ్చినవాటి లెక్క థీసిస్‌లో కనిపించదు, చివరి పట్టికలో మళ్లీ గుంపుకు ఆరు అని ఉంటుంది. ఏ జంతువును ఎందుకు లెక్కలోంచి తీసేశారో చెప్పి తీరాలని 2010 నుంచి జంతు పరిశోధనా వ్యాసాలు ఎలా రాయాలో చెప్పే ఎరైవ్ మార్గదర్శకాలు మొత్తుకుంటున్నాయి. ఎవరికి పట్టింది?

పైగా ఉపోద్ఘాతం నిండా టైప్-2 మధుమేహం, భారతీయుల జీవనశైలి, పెరిగిపోతున్న నడుములు. ఎలుకకు తెప్పించింది మాత్రం బీటా కణాలు నాశనమైన స్థితి, అంటే టైప్-1కు దగ్గరిది. పోల్చడానికి ఇచ్చిన గ్లైబెన్‌క్లమైడ్ ఉన్న బీటా కణాలను తట్టిలేపి పనిచేసే మందు, లేని కణాలను అది ఎక్కడి నుంచి లేపుతుంది? ఈ ప్రశ్న తెలుసుకోవడానికి నోబెల్ బహుమతి అక్కరలేదు, అరగంట చదువు చాలు. ఆ అరగంట చదవని మనిషి 30 ప్రాణాల మీద సంతకం పెడుతున్నాడు, మేము ఎనిమిది మందిమి బిస్కట్లు తింటూ దాని కింద సంతకాలు పెడుతున్నాం. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో చెప్పిన మూడు సూత్రాలు, అంటే జంతువు లేకుండా చేయగలవా, తక్కువ జంతువులతో చేయగలవా, తక్కువ బాధతో చేయగలవా అన్నవి, మా సమావేశం గది గోడ మీద లామినేట్ చేసి వేలాడుతున్నాయి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే తప్ప దొరకదు. వెతకకుండా చేసే దయ అంతా గోడకే పరిమితం. సిగ్గుండాలి మాకు.

పనిచేయని సారాల సంగతి ఇంకా అన్యాయం. చక్కెర తగ్గని ప్రయోగం వ్యాసం కాదు, ఏ డేటాబేసుకూ ఎక్కదు, కాబట్టి రేపు మరొకరు అదే చెక్కను అదే మోతాదులో మరో 30 ఎలుకలకు పోసి అదే నిరాశను కొత్తగా కనుక్కుంటారు. దీన్ని ఆపడానికే జంతు ప్రయోగాలను మొదలుపెట్టకముందే నమోదు చేసే రిజిస్ట్రీని నెదర్లాండ్స్‌లో 2018లో, జర్మనీలో 2019లో తెరిచారు. మన దగ్గర ఆ పని అటెండరు చేస్తున్నాడు, జీతం పెంచకుండా.

కనుక నా ప్రతిపాదన ఇది. ఫారానికి ఒక పేజీ అతికించాలి. అందులో డేటాబేసుల పేర్లు, వెతికిన తేదీ, కొట్టిన పదాలు, వచ్చిన వ్యాసాలలో దీనికి దగ్గరివి, అవి ఉండగా ఇది మళ్లీ ఎందుకన్నదానికి జవాబు ఉండాలి, కింద గైడుగారితో పాటు లైబ్రేరియన్‌గారి సంతకమూ ఉండాలి. అల్మారా తాళం తీసి, నల్ల అట్టల పేర్లు, ఎలుకల సంఖ్య, బతికినవి, చచ్చినవి ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించాలి. దాన్ని అటెండరు సరిచూడాలి. పోయిన సమావేశంలో ఇది చెప్పాను. అభిప్రాయం మంచిదేనని, కానీ ఒక్కో దరఖాస్తుకు ఇంతసేపు పడితే సాయంత్రానికి కూడా తెమలదని అధ్యక్షులవారు సెలవిచ్చారు. అందరూ ఔనన్నారు. ఎర్రచందనం బెరడు, మిథనాల్ సారం, 30 విస్టార్ జాతి ఎలుకలకు ఆమోదం లభించింది. నా అసమ్మతిని మినిట్స్‌లో రాయమని అడిగాను. రాశారు, స్పెల్లింగు తప్పు పోయింది.